అంకె వస్తూనే ఉంది

బావగారికి,

నమస్కారం. ఇన్నేళ్ళూ ఫోనులో మిమ్మల్ని నువ్వనే అన్నాను. ఈ ఉత్తరంలో మీరు అంటున్నాను. కోపం కాదు. కొంత కోపమే.

ముందు పని సంగతి. మన వాన కొలతల గుంపులోంచి నా పేరు తీసేయండి. సైటు మీరు పెట్టింది, తాళాలు మీ దగ్గరే ఉన్నాయి. పేరు తీసేసే చోటు నాకు దొరకలేదు. వెతికే ఓపికా లేదు.

రెండో సంగతి. మీ చెల్లెలు చనిపోయింది. ఐదు నెలలయింది. కాలేయం జబ్బు. ఇంతకంటే వివరంగా రాయలేను.

ఇది మీకు కొత్త వార్త అని తెలుసు. నేను చెప్పలేదు. కావాలనే చెప్పలేదు. మీరే అడుగుతారని ఎదురుచూశాను.

షాపులో కూర్చుని రాస్తున్నాను. మధ్యాహ్నం పూట కళ్ళజోళ్ళ కోసం ఎవరూ రారు. గోడకు బిగించిన ఫ్రేములన్నీ ఇటే చూస్తుంటాయి, ఒక్కదాని వెనకా కళ్ళు లేవు. ఇలాంటి వేళల్లోనే ఆమె కౌంటరు మీద కంప్యూటరు ముందు చేరి, గుంపులో వచ్చినవన్నీ పైకి చదివేది. నేను లెన్సు అంచు అరగదీస్తూ వినేవాణ్ణి. మిషను చప్పుడుకు ఒక మాట వినబడకపోతే మళ్ళీ చదివించుకునేవాణ్ణి. బేరం కోసం వచ్చినవాళ్ళు కూడా నిలబడి విని వెళ్ళేవారు.

మొదటి రోజు గుర్తుందా? ఆమె సరదాపడి వాన కొలిచే డబ్బా ఒకటి కొని, ఎక్కడ పెట్టాలని గుంపులో అడిగింది. మీరు జవాబు రాశారు: "అమ్మా, చెట్టు కింద పెడితే డబ్బాలోకి వాన రాదు, చెట్టు మిగిల్చింది వస్తుంది. డాబా మీద పెట్టు." ఆమె "థాంక్స్ అన్నయ్యా" అని రాసింది. మీరు అక్కడితో ఊరుకున్నారా? "చెల్లెలు దొరికాక బావ కూడా ఉంటాడుగా. దాక్కున్నది చాలు, బయటికి రమ్మను" అన్నారు. ప్రెస్సు నడిపిన మనిషి కదా, అచ్చయిన మాట వెనక్కి తీసుకోరు. ఆ రోజు నుంచి నేను మీకు బావను. ఒకరి మొహం ఒకరం చూసుకోకుండానే.

అప్పట్లో మనం నలభై మందిమి. పొద్దున్నే ఎవరింటి డబ్బాలో పడిన వానను వాళ్ళు కొలిచి రాసేవారు. అంకె, పక్కన ఒక మాట. వాన లేని రోజు సున్నా రాయాలి, మానకూడదు. అది మీరు పెట్టిన నియమం. "సున్నా రాశాడంటే మనిషి ఉన్నాడని లెక్క" అనేవారు. టైలరు "ఆరు. ఆరేసిన బట్టలన్నీ తడిశాయి. మా అత్తగారు మబ్బును వదిలేసి నన్ను తిడుతోంది" అని రాస్తే వారమంతా నవ్వుకున్నాం. డ్రాయింగు టీచరమ్మ మబ్బు రంగు రాసేది. బూడిద రంగు అని రాయదు, "అలిగిన రంగు" అని రాసేది. మీరు "అలిగితే అలిగింది, కురుస్తుందా లేదా అది చెప్పమ్మా" అనేవారు.

మూడు రోజులు అంకె రాకపోతే ఎవరో ఒకరు ఫోను చేయాలి. ఆ పని మీ చెల్లెలు మీద వేసుకుంది. ఒకసారి టైలరు కనబడకుండా పోయాడు. "ఏం తమ్ముడూ, మీ ఊళ్ళో వానా లేదు, ఎండా లేదు, నువ్వూ లేవా?" అని ఫోనులో దబాయించింది. అతను నిచ్చెన మీంచి పడి, కాలు విరిగి మంచంలో ఉన్నాడు. వారం తిరక్కుండా గుంపులో సగంమంది పాత చొక్కాలు పోస్టులో పంపి గుండీలు కుట్టించుకున్నారు. కాలుతో పనిలేని కుట్టు అదొక్కటేనని.

తరువాత ఆరువందల మందిమి అయ్యాం. మ్యాపు వచ్చింది, రంగులు వచ్చాయి, ఈ నెల మొదటి ర్యాంకు ఎవరిదని పట్టిక వచ్చింది. ఎక్కువ వాన పడితే అందులో మనిషి గొప్పతనమేమిటో నాకిప్పటికీ తెలియదు. టైలరుది ఇంట్లో చేసుకున్న డబ్బా కనుక అతని అంకెలు నమ్మొద్దని ఒకరు రాశారు. "అందరింటా వాన ఒకేలా పడాలని రూలేమన్నా ఉందా నాయనా?" అని మీ చెల్లెలు అడిగింది. జవాబుగా నవ్వే బొమ్మలు వరసగా పెట్టారు. టైలరు మాటలు మానేసి అంకె మాత్రం రాసేవాడు. కొన్నాళ్ళకు ఆమె కూడా అంతే. పైకి చదవడానికి ఏమీ మిగల్లేదు. ఆ పైన యంత్రాలొచ్చాయి. డాబా మీద పెడితే వానను అదే కొలుచుకుని అదే సైటులో రాసేస్తుంది. అందరూ కొన్నారు, టైలరు కూడా. ఆమెకు మెట్లెక్కడం కష్టమయ్యాక నేనూ కొన్నాను. "నేను ఎక్కలేకపోతే నువ్వెక్కచ్చుగా" అంది. నాకు షాపుంది అన్నాను.

ఆస్పత్రిలో ఫోను ఎప్పుడూ నా చేతిలోనే ఉండేది. బంధువులు చేశారు. పక్కింటివాళ్ళు చేశారు. గుంపులోంచి ఒక్క ఫోనూ లేదు. "అన్నయ్య చేశాడా?" అని ఆమె రెండు మూడుసార్లు అడిగింది. చేశాడు, నువ్వు నిద్రలో ఉన్నావని లేపలేదు అన్నాను. ఆ మాట నా చేత అనిపించారు. అదే మింగుడుపడటం లేదు. నువ్వే చేసి ఉండొచ్చు కదా అంటారు. అడిగి తెప్పించుకునే పరామర్శ నాకెందుకు?

మొన్న మీ పేజీ తెరిచి చూశాను. మీ పేరు పక్కన నిన్నటి అంకె, మొన్నటి అంకె, ఒక్క రోజు తప్పలేదు. వాన లెక్కకు ఉన్న తీరిక ఒక ఫోనుకు లేకపోయింది.

పేరు తీసేస్తే చాలు. జవాబు అక్కర్లేదు.

కళ్ళజోళ్ళాయన

*

బావా,

మీ అమ్మాయి చేత రాయించి పంపిన ఉత్తరం అందింది.

ఎనిమిది నెలలుగా నువ్వు మంచంలో ఉన్నావు. కుడిచెయ్యి కదలదు, మాట సరిగా రాదు. పక్షవాతం అని అమ్మాయి ఒక్క ముక్కలో రాసి వదిలేసింది. గుంపులో చెప్పమంటావా అని తను అడిగితే, వద్దని తల ఊపి మూడు వేళ్ళు చూపించావట. మూడో రోజుకల్లా చెల్లెలు ఫోను చేస్తుందని నీ ధైర్యం. ఆ మూడు రోజులూ మీ డాబా మీది యంత్రం రాస్తూనే ఉంది. ఇక్కడ మీ చెల్లెలు అప్పటికే మంచం పట్టింది. నేను నీ పేజీ తెరిచి చెప్పేవాణ్ణి: అన్నయ్య అంకె వచ్చింది, బాగానే ఉన్నాడు అని. ఆమె సరే అనేది.

నా ఉత్తరం అమ్మాయి చదువుతుంటే మధ్యలో ఆపించి కంప్యూటరు తెరిపించావట. నీ పేజీ కాదు, నా పేజీ. ఆమె రాసిన వాక్యం అలాగే దించుతున్నాను: "మామయ్యగారూ, మీ అంకె రోజూ వస్తూనే ఉంది. మీ ఇంట్లో అంతా బాగానే ఉందని నాన్న ఇన్నాళ్ళూ నిశ్చింతగా ఉన్నారు."

నీ పేజీ తెరిచి నిన్ను తప్పుపట్టినవాణ్ణి, నా పేజీ తెరవాలని తోచలేదు. నిన్న తెరిచాను. ఆస్పత్రి రోజులన్నీ ఉన్నాయి. ఆమె పోయిన రోజున మా డాబా మీద పదకొండు మిల్లీమీటర్లు పడింది. ఆ రోజు వాన వచ్చిందని నాకు తెలియదు. ఆ గదికి కిటికీ లేదు. అంకె కింద ఎవరో బొటనవేలు బొమ్మ పెట్టారు, భేష్ అన్నట్టు.

కోపం రాలేదు బావా. పెట్టినవాడు మాత్రం ఏం చేస్తాడు? ఇద్దరూ బాగున్నారని రెండు డబ్బాలు లోకమంతటికీ చెబుతుంటే ఎవరు ఫోను చేస్తారు? మనుషులు మారిపోయారని ఇన్నాళ్ళూ తిట్టుకున్నాను. మారారు, అది నిజమే. నా బదులు రాయమని యంత్రాన్ని డాబా ఎక్కించింది మాత్రం నేనే.

టైలరు ఇంటి నంబరుకు ఫోను చేశాను. ఎవరో ఆవిడ తీసింది. "ఈ ఇల్లు మేం కొనుక్కున్నామండీ. ఆయన కొడుకు దగ్గరికి వెళ్ళిపోయి చాలా రోజులైంది. ఎక్కడో మాకు తెలీదు" అంది. పెట్టేస్తుందనుకున్నాను. పెట్టలేదు. "మీరు ఆయన తాలూకేనా? డాబా మీద తెల్ల డబ్బా ఒకటి వదిలేశారు, మీరన్నా పట్టుకుపోండి. బట్టలారేసుకోవడానికి అడ్డం" అంది. టైలరు అంకె ఈ పొద్దున కూడా వచ్చింది. నాలుగున్నర.

మా యంత్రం నిన్న దించేశాను. గురువారం బస్సుకు మీ ఇంటికి వస్తున్నాను. హడావుడి ఏమీ పెట్టుకోవద్దని అమ్మాయికి చెప్పు. నువ్వెలాగూ చెప్పలేవు, చదువుతున్నది తనే. విన్నావా అమ్మాయీ? హడావుడి వద్దు.

నీ బావ

*

అమ్మాయీ,

ఇల్లు చేరి నాలుగు రోజులైంది. ఇది మీ నాన్నకు చదివి వినిపించే ఉత్తరం కాదు. నీ ఒక్కదానికే.

గుమ్మంలో నన్ను చూడగానే ఆయన "పొ..." అని ఆగిపోయాడు. "మీరు ఇంత పొడుగ్గా ఉంటారనుకోలేదట" అన్నావు నువ్వు. "ఆయన అన్నది ఒక్క అక్షరమేగా?" అన్నాను. "మిగతాది నాకు తెలుసు మామయ్యగారూ" అన్నావు. మీ అత్తయ్య ఒక్కతే కూతురు. ఆమె వైపు నుంచి నన్ను మామయ్య అన్నవాళ్ళు ఇంతవరకు లేరు.

ఆ మధ్యాహ్నమంతా అలాగే నడిచింది. ఆయన ఒక అక్షరం అంటే నువ్వు వాక్యం చేశావు. దిండు ఎత్తమన్నా, ఫ్యాను తగ్గించమన్నా, ఒక్కటీ తప్పు పోలేదు. "టీ చల్లారిపోతోంది, తాగమంటున్నారు" అంటే ఆయన తల అడ్డంగా ఊపాడు. "సరే, నేనే తాగమంటున్నాను" అన్నావు. ముగ్గురం నవ్వాం. ఆయన నవ్వు మొహంలో సగానికే వచ్చింది. ఆ సగం చాలు, ఫోనులో విన్న నవ్వు అదేనని తెలిసిపోయింది.

తరువాత ఆయన ఎడమచేత్తో నా మణికట్టు పట్టుకుని "చె..." అన్నాడు. "అత్తయ్య గురించి అడుగుతున్నారు" అన్నావు. నిజమే. "చి..." అన్నాడు. నువ్వు "చివర్లో" అని మొదలుపెట్టగానే నేను చెయ్యెత్తి, "నువ్వుండమ్మా" అన్నాను. గట్టిగానే అన్నాను. నువ్వు కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయావు. నేను బస్సెక్కే దాకా మళ్ళీ సరిగా మాట్లాడలేదు. మందుల వేళ అయిందని అన్నావు గాని, అది కాదు. నీ తప్పేమీ లేదు. ఇంట్లో రోజంతా ఆయనకు నోరు నువ్వే. వచ్చిన చుట్టం ఒక పూటలో ఆ నోరు మూయించాడు. అందుకే ఈ ఉత్తరం.

సైటు ఇప్పుడు నువ్వు చూస్తున్నావు కనుక ఆ సంగతి కూడా చెప్పేస్తాను. నా పేరు తీయొద్దు. డాబా ఎక్కిన రోజు అంకె ఉంటుంది, ఎక్కని రోజు ఖాళీ. అత్తయ్య పోయిన సంగతి, వచ్చిన మర్నాడే గుంపులో రాశాను. ఆరువందల మందిలో తొమ్మిదిమంది జవాబిచ్చారు. డ్రాయింగు టీచరమ్మ ఫోను చేసి, ఏడ్చి, ఎందుకు చెప్పలేదని తిట్టి, మళ్ళీ ఏడ్చింది. ఒకాయన మాత్రం దించేసిన యంత్రం ఏ కంపెనీది, అమ్ముతారా అని అడిగాడు. ఊరికే ఇస్తానన్నాను. పోస్టు ఖర్చు ఎవరిదని అడుగుతున్నాడు.

ఇక నిన్ను ఎందుకు ఆపానో. నువ్వు లోపలికి వెళ్ళాక ఆయన మళ్ళీ మొదలుపెట్టాడు. "చివర్లో" అనేసరికి నుదుటి మీద చెమట పట్టింది. రెండో మాట దగ్గర తట్టుకుని ఆగిపోయాడు. కళ్ళు మూసుకున్నాడు. ఇక వదిలేస్తాడనుకున్నాను. వదల్లేదు, మళ్ళీ మొదటి నుంచి వచ్చాడు. నేను ఒక్క అక్షరం అందించలేదు. చివర్లో బాధపడిందా అన్నది ఆయన ప్రశ్న.

ఈ ఐదు నెలల్లో మా ఇంటికి చాలామంది వచ్చారు. అందరూ మంచివాళ్ళే. ఎవరు ఆ మాట ఎత్తబోయినా, పూర్తికాకముందే "ప్రశాంతంగా పోయింది" అని నేనే చెప్పేసేవాణ్ణి. షాపుకు వచ్చినవాళ్ళకూ అదే, బంధువులకూ అదే. వాళ్ళు హమ్మయ్య అనుకుని టీ తాగి వెళ్ళేవారు. నువ్వు చకచకా ఆ ప్రశ్న పూర్తిచేసి ఉంటే నా నోటినుంచి అదే జవాబు అంతే చకచకా వచ్చి ఉండేది. నాకు తెలుసు.

అంత కష్టపడి అడిగిన మనిషికి ఆ మాట చెప్పలేకపోయాను. "బాధపడింది బావా," అన్నాను. "చాలా బాధపడింది."

మీ మామయ్య