బోర్డు మీద నా పేరు

నాంపల్లి,
ఆదివారం.

అక్కకు నీ చెల్లెలు సుజాత నమస్కారాలు.

నువ్వు, బావ, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. మీ అత్తమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? నేను బాగున్నాను, వేళకు తింటున్నాను. హాస్టల్ పప్పు నీళ్లలాగే ఉంటుంది కానీ అలవాటైంది. ఇక్కడ రోజూ సాయంత్రం వాన. సుల్తాన్ బజార్‌లో కొన్న చెప్పులు అప్పుడే తెగిపోయాయి.

మొన్న ఫోన్‌లో నా గొంతు వణికితే ఏడుస్తున్నానని అనుకున్నావు. అది ఏడుపు కాదక్కా, కోపం. జరిగింది వరసగా చెబితే నీకే అర్థమవుతుంది.

ఆబిడ్స్‌లో మా వీడియో గేముల దుకాణం ముందు గదిలో పెద్ద టీవీ ఉంది. వచ్చిన వాళ్లకు ఆట ఆడి చూపించడం నా పని. అందులో గురి చూసి కొట్టే ఆట ఒకటుంది. చేతిలో రిమోట్ లాంటిది పట్టుకుని తెర వైపు చూపితే, చెయ్యి ఎటు కదిలితే గురి అటు కదులుతుంది. బెలూన్లు, రేకు డబ్బాలు, గాల్లోకి ఎగిరే పళ్లేలు కొట్టాలి. అందరూ చెయ్యంతా ఊపేస్తారు. నేను మోచేతిని పక్కటెముకలకు ఆనించి మణికట్టు మాత్రమే తిప్పుతాను. మక్కచేలో వడిసెల తిప్పేటప్పుడు, పిట్ట ఉన్న చోటికి కాదు, పోయే చోటికి రాయి వెయ్యమని నువ్వే కదా నేర్పావు! ఎగిరే పళ్లేలకు అదే పనికొచ్చింది.

టీవీ పక్కన తెల్లబోర్డు మీద అన్నిటికన్నా పెద్ద స్కోరు, కొట్టిన వాళ్ల పేరు రాస్తారు. నెల రోజులుగా అక్కడ నా పేరే ఉంది. పోయిన సోమవారం వెళ్లేసరికి స్కోరు అదే ఉంది, పేరు మాత్రం నవీన్ అయింది. నవీన్ మా దుకాణం సేఠ్ మేనల్లుడు. సేఠ్‌నే అడిగాను.

"ఆడపిల్ల పేరు చూస్తే వచ్చే పోరగాళ్లు చిన్నబోతున్రమ్మా. గా బోర్డు మీద పేరు ఎవరిదైతే ఏంది?"

"ఎవరిదైనా ఒకటే అయితే నాది ఎందుకు తీసిన్రు సార్?"

ఆయన గల్లాపెట్టె వైపు తిరిగి డబ్బులు లెక్కపెట్టుకున్నాడు.

మర్నాడు గన్‌ఫౌండ్రీలో పనిచేసే ఒక టీచరమ్మ తన బడి కోసం ఆటలు చూడడానికి వచ్చింది. బోర్డు చూసి "గింత స్కోరు కొట్టిన నవీన్ ఎవరు?" అని నన్నే అడిగింది.

"గా స్కోరు కొట్టింది నేనే మేడమ్."

సేఠ్ నవ్వేశాడు. "మజాక్ చేస్తుంది మేడమ్. మా నవీన్ కొట్టిండు."

నలుగురి ముందు నన్ను అబద్ధాలకోరును చేశాడక్కా! చెవులు మండిపోయాయి. "జర చూడుండ్రి మేడమ్" అని రిమోట్ అందుకున్నాను. ఒక్క పళ్లెం మీద కూడా గురి తప్పలేదు. పాత స్కోరు దాటింది. అందరూ చూస్తుండగానే నవీన్ పేరు తుడిచేసి నా పేరు రాశాను.

ఆమె వెళ్లగానే సేఠ్ ఒకే మాటన్నాడు. "రేపటి నుంచి లోపల డబ్బాలు సర్దు."

మూడు రోజులు దుమ్ములో కూర్చున్నాను. పని పోతుందని భయం వేసింది, నీకు అబద్ధం చెప్పను. శుక్రవారం ఆ టీచరమ్మ మరో ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చింది. నవీన్ ఆడి చూపించాడట. పళ్లేలన్నీ దెబ్బ తగలకుండా పైనుంచి పోయాయట. "గా పిల్లనే పిలువుండ్రి" అని ఆమె పట్టుబట్టింది. చివరికి సేఠే లోపలికి వచ్చాడు.

"రా అమ్మా, జర ఆడి చూపియ్యి."

"వస్తా సార్. నా పేరు మళ్ల తియ్యనని చెప్పుండ్రి."

"సరే తియ్యను, నడువు."

పేరు ఇప్పుడు బోర్డు మీదే ఉంది. కోపం మాత్రం పోలేదక్కా. నాది నాకు ఇస్తూ, నాకేదో మేలు చేసినట్టు ముఖం పెట్టాడు చూడు, అది మరచిపోలేకపోతున్నాను.

ఉన్న పని చూసుకోక ఎదురు మాటలెందుకని బావ అంటాడేమో. అననీ. ఈ ఉత్తరం ఆయనకూ చదివి వినిపించు. వీలైతే ఎవరితోనైనా కాస్త మామిడి తొక్కు పంపు. అత్తమ్మ కాళ్లకు నా తరఫున మొక్కు. పిల్లలకు ముద్దులు. నన్ను చల్లగా ఉండమని దీవించు.

నీ చెల్లెలు,
సుజాత