మా రమ్య ఫోటోల జంట సుక్కలు

ఫిబ్రవరి 9
పొద్దంత పసుపు ఉడకబెట్టుడే. ఆవిరికి కండ్లు మండుతున్నయి, నడుము లేస్తలేదు. పండుదామనుకున్న— అప్పుడే హైదరాబాద్ నుంచి రమ్య ఫోన్ల ఫోటో పంపింది. అలుపు ఎటు పోయిందో! పొట్టు తీసిన మక్క కంకి లెక్క... గింజలు, గింజలు, వరుసగ. నడుమ ఒకదాని పైన ఒకటి, రెండు గింజలు లేవు. నల్లగ రెండు సుక్కలు. "గా గింజలు అణువులు బాపూ. నల్లగున్నకాడ అణువు లేదు." ఐదేండ్ల నుంచి గా పీహెచ్‌డీ, గా మిషన్, గా రూము... ఇయ్యాల సూపెట్టింది నా బిడ్డ! ఏడోది దాటనోని బిడ్డ! ఏడుపొచ్చింది. ఏడ్సిన.

ఫిబ్రవరి 10
మళ్ల ఫోన్ చేసి అడిగిన. అది కెమెరా గాదట, సూదట. సూది మొన రేకు మీద తిరుగుతది, తాకదు. నడుమ సందుల కరెంటు దుంకుతది. ఎంత దుంకిందో సూసి మిషన్ బొమ్మ గీస్తది. రేకు అంటే అణువులది ఒక్క పొరనే, అంత పల్చగ.
"ఒక్కొక్క అణువు పోవుడు అందరికి తెలుసు బాపూ. నా రేకుల జంటగ పోతున్నయి. గదే కొత్త."
పక్కకెంచి మా ఇంటామె లక్ష్మి— "కరెంటు దుంకితే పిల్లకు షాక్ కొట్టదా, అడుగు!"

ఫిబ్రవరి 12
ఫ్లెక్సీ కొట్టిచ్చిన, బస్టాండు మూలకు కడ్దామని. పైన రమ్య, కింద అణువులు. ఇప్పి సూస్తే సుక్కలే లేవు! ఫ్లెక్సీల శ్రీను నవ్వుకుంట అంటడు— "మచ్చలుండె గద కాకా, తుడిసేసిన. నీట్‌గ వచ్చింది."
అరేయ్... బిడ్డ చదువంత తుడిసినవ్ గదరా!

ఫిబ్రవరి 13
నవ్వుతదని ఫ్లెక్సీ సంగతి ఫోన్ల చెప్పిన. నవ్వలె.
"కట్టినవా బాపూ?"
"రేపు మళ్ల కొట్టిచ్చి..."
"వద్దు. కట్టకు."
ఇంకిన్ని ఫోటోలు తీసిందట. ఎక్కడ తీసినా జంటనే. అన్ని జంటలు ఒక్క దిక్కుకే ఉన్నయట. గట్లుంటేనే అనుమానమట. సూది మొన రెండుగ చీలినా గిట్లనే కనపడ్తదట, ఒక్క సుక్క రెండైతదట. అంటే జంట రేకుల లేదు, సూదిల ఉంది...
"స్కాలర్‌షిప్ ఎండకాలం దాకనే బాపూ. తప్పయితే మళ్ల మొదటికెంచి చేసే ఓపిక లేదు నాకు. ఇడిసిపెట్టి ఇంటికొస్త."
"రా బిడ్డా" అనబోయిన. "ఏం గాదు" అన్న. ఏది అనాల్సి ఉండెనో.

ఫిబ్రవరి 14
ఫ్లెక్సీని కళ్లంల పరిసి దాని మీద పసుపు ఆరబోసింది లక్ష్మి. బిడ్డ మొకం మీద పొయ్యబుద్ధి గాలేదట. తిప్పి పరిసింది.

ఫిబ్రవరి 16
సూది మారుస్తరట. కొత్తది పెట్టాలె, లోపల గాలి లేకుంట గుంజాలె, చల్లబర్చాలె— జల్ది అయ్యే పని గాదు. కొత్త సూదికి గూడ జంటనే కనపడితే నిజమట. ఒంటిగ కనపడితే పాత సూది చేసిన మాయట.
"నేను రావాల్నా?" అన్న.
"నువ్వొస్తే నీ గొంతుకే మిషన్ వణుకుతది బాపూ."
నిజమే. పక్కన గట్టిగ నడిసినా బొమ్మ చెడుతదట. నవ్వింది గాని... గొంతు ఇంటే తెలుస్తుంది, నిద్ర లేదు దానికి.

ఫిబ్రవరి 18
మబ్బు పట్టింది. పసుపు కుప్పజేసుడు, కప్పుడు, మళ్ల కప్పు తీసుడు. మోకాళ్లు నా మాట ఇంటలేవు. బాల్కొండ నుంచి బామ్మర్ది వచ్చిండు.
"ఏం బావా, నీ అణువులేమైనయి?"
"సూది మారుస్తున్నరు."
"పీహెచ్‌డీ అని చెప్పి కుట్టుమిషన్ నేర్సుకుంటుందా ఏంది?"
సొంత తమ్ముడే. అయినా లక్ష్మి చాయ్ ఇయ్యలె వానికి.

ఫిబ్రవరి 20
ఫోన్ రాలె.

ఫిబ్రవరి 22, ఆదివారం
పగటీలి. ఫోన్ వచ్చింది. సెలవు గద, బిల్డింగంత సప్పుడు లేదట. కొత్త సూది తిరుగుతుందట.
"బాపూ, ఫోన్ పెట్టెయ్యకు. మాట్లాడకు. ఊకె ఉండు జర."
స్పీకర్‌ల పెట్టి రాస్తున్న. నోట్లె మాటలు కుక్కి పెట్టినట్టున్నయి. ఒంటి సుక్కనే అయినా నువ్వు నా బంగారివే, ఇంటికొచ్చినా బంగారివే అని... మింగుతున్న. బొమ్మ ఒక్కపారి రాదట. గీత మీద గీత, కిందికెంచి పైకి.
"సుక్క వచ్చింది బాపూ."
అడగలె. తనే అన్నది— "ఒకటి. రెండోది ఉంటే దాని పైన రావాలె. ఇంకా గీస్తుంది..."
లక్ష్మి చేట పట్టుకొని గడపకాడ నిలవడ్డది. ఏందన్నట్టు తలెగరేసింది. ఒక్క వేలు సూపెట్టిన. ఆమె రెండు వేళ్లు ఎత్తింది— ఉండు, ఉండు అని చెయ్యి ఊపిన.