గుమ్మానికి లేని తెర

రాజోలి,
ఆగస్టు 20, 2006.

చిరంజీవి తమ్ముడు కిష్టయ్యకు అన్న నాగన్న దీవించి రాస్తున్నది. అందరం క్షేమం అని రాయబోయి ఆగాను. పిల్లలు, మీ వదిన రుక్కమ్మ, నేను బాగున్నాం. నీ భార్య జములమ్మకు బాగాలేదు. భయపడకు, ప్రాణానికి ఇప్పుడేం కాదని డాక్టరమ్మ చెప్పింది. మిగతాది నిదానంగా చదువు.

మగ్గం గుంతలో ఊటనీళ్ళు చేరాయా అని అడిగావు. ఈ వానలకు చేరలేదు. చిన్నది బడికి పోతున్నదా అన్నావు. పోతున్నది, ఎక్కాలు తప్పు చెప్పి నాతోనే వాదిస్తున్నది. ఇక నీ మూడో ప్రశ్న. ఊరికి వచ్చిపోయినవాళ్ళెవరో షోలాపూర్‌లో నీకు పేపరులో ఆమె ఫోటో చూపించి, నీ పెండ్లానికి టీవీ డాక్టరు నయం చేశాడట గదా అన్నారనీ, అది నిజమేనా అనీ రాశావు. ఫోటో నిజం. కింద రాసింది అబద్ధం.

గద్వాలలో ఒక ట్రస్టువాళ్ళు చిన్న దవాఖాన పెట్టారు. మిద్దె మీద గొడుగును వెల్లకిలా పెట్టినట్టు పెద్ద డిష్ ఉంటుంది. లోపల టీవీ, టీవీ మీద కెమెరా. ఇక్కడ మనం కూర్చుంటే హైదరాబాదులో డాక్టరుకు కనబడతాం, మన మాట వినబడుతుంది. మంచి సంగతే. హైదరాబాదు పోయి రావడమంటే మనకు మూడు రోజులు మగ్గం ఆగడం. జములమ్మ నీరసపడిపోతుంటే, మీ వదిన జ్వరంతో లేవలేక, నేనే వెంటబెట్టుకొని పోయాను.

ఆ గదిలో ఎంతమంది ఉన్నారనుకున్నావు? మిషన్ నడిపే ఆపరేటరు, ఫోటో తీసేవాడు, ట్రస్టు పెద్దమనిషి, ఆయన వెంట నలుగురు. తలుపు బార్లా తీసి ఉంది, వరుసలో ఉన్నవాళ్ళంతా తొంగిచూస్తున్నారు. పెద్దమనిషి ఉపన్యాసం ఇచ్చాడు. ముందు ముందు ఆపరేషన్లు కూడా ఇట్లాగే అవుతాయట. సర్జన్ హైదరాబాదులో చేయి కదిపితే ఇక్కడ మిషన్ చేతిలో కత్తి కదులుతుందట. కదులుతుందేమో, నేను కాదనను. కానీ తమ్ముడూ, ఆకాశంలోకి ఉపగ్రహం పంపినవాళ్ళకు గుమ్మానికి ఒక పాత చీర కట్టాలని తోచలేదా?

డాక్టరు టీవీలోంచి బాధేమిటని అడిగాడు. జములమ్మ కొంగు తలమీదికి లాక్కొని నేల చూపులు చూసింది. బావ ముందర గొంతెత్తి ఎరగని మనిషి. మళ్ళీ అడిగితే ఏం లేదన్నట్టు తల ఊపింది. ఐదు నిమిషాల్లో అయిపోయింది. గ్యాసు మాత్రలు రాశారు. ఫోటో తీశారు.

పది రోజులకు మగ్గం మీదే ఒరిగిపోయింది. అప్పుడు మీ వదిన నన్ను నిలబెట్టి కడిగేసింది.

"అది ఆడోళ్ళ బాధ. పక్కన బావ, ఎదురుంగ పదిమంది మొగోళ్ళు. ఎట్ల చెప్తదనుకున్నవ్? నువ్వయితే చెప్తవా?"

మళ్ళీ గద్వాల పోదామంటే, చచ్చినా ఆ టీవీ ముందు కూర్చోనని జములమ్మ మొండికేసింది. ఆడ డాక్టరు కావాలని ముందే అడిగి పెట్టామని మీ వదిన ఒట్టేసి బయల్దేరదీసింది. నిజంగానే ఆ రోజు టీవీలో డాక్టరమ్మ ఉంది. కానీ గదిలో ఆపరేటరు, కాంపౌండరు, ఊరికే టీవీ చూడవచ్చిన ఇద్దరు. అందరూ బయటికి రావాలన్నాను. ఆపరేటరు నవ్వాడు.

"నేను పోతే మిషన్ ఎవరు చూడాలె? నీ తాత చూస్తడా?"

నేను మనుషులతో ఎక్కువ మాట్లాడేవాణ్ణి కాదని నీకు తెలుసు. ఆ రోజు నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"మిషన్‌కు సిగ్గు లేదు, దాన్ని ఇడిసిపెట్టి రా. మనిషికి ఉన్నది," అన్నాను.

వాడు ఏదో అనబోతుంటే టీవీ మాట్లాడింది. మైకు అప్పటికే ఆన్ చేసి ఉందట, మా కొట్లాటంతా హైదరాబాదుకు పోయింది. "ఆయన చెప్పింది సరైన మాట. మగవాళ్ళంతా బయటికి వెళ్ళండి," అన్నది డాక్టరమ్మ. అందరికంటే ముందు నేను నడిచాను. దవాఖాన ఆయా తిరుపతమ్మ, మీ వదినను జములమ్మ పక్కనే ఉంచి, తలుపు వేసి లోపల గొళ్ళెం పెట్టింది. నలభై నిమిషాలు తెరుచుకోలేదు. మొదటిసారి ఏమీ లేదన్న మనిషికి ఈసారి నలభై నిమిషాలు చెప్పుకునేంత బాధ ఉన్నది.

హైదరాబాదులో ఆపరేషన్ చేయాలట. ఇరవై ఎనిమిది, సోమవారం. రక్తం తక్కువుందని అప్పటివరకు మందులిచ్చారు. ఆపరేషన్ తర్వాత చూపించుకోవడానికి అంత దూరం పోనక్కరలేదట, గద్వాలలో ఆ టీవీ ముందే చూస్తారట. మేలే. గుమ్మానికి తెర కడితేనే తీసుకొస్తానని చెప్పి వచ్చాను.

ఇప్పుడు, ఇంతసేపు రాయకుండా దాటేసిన మాట. మొదటి రోజు జములమ్మ తల ఊపితే డాక్టరు అక్కడితో ఊరుకోలేదు. వెంట వచ్చినవాళ్ళు చెప్పండి అన్నాడు. ఆమె కండ్లెత్తి ఒక్కసారి నన్ను చూసింది. బయటికి పొమ్మని బతిమాలిన చూపు అది. నాకు అర్థమైంది. అయినా అంతమంది పెద్దమనుషుల్లో ఏమీ తెలియనివాడిలా లేచిపోవడం చిన్నతనమనిపించి, "గ్యాసు సార్," అన్నాను. ఆ నెలలో ఆమె తొమ్మిది రోజులు మగ్గం ఎక్కలేదని నా రోజువారీ పద్దులో నా చేత్తో నేనే రాసుకున్నాను. గ్యాసుకు ఎవరైనా తొమ్మిది రోజులు పడుకుంటారా? మాత్రలు రాసింది డాక్టరు, రోగం రాసింది నేను. ఆ ఆపరేటరును తిట్టిన దానికి పదింతలు నన్ను నేను తిట్టుకుంటున్నాను.

ఫోనెందుకు చేయలేదని అడుగుతావు. మీ మిల్లు ఫోను మేస్త్రీ బల్లమీద ఉంటుంది. ఆమె సంగతి నలుగురి నడుమ మాట్లాడించే తప్పు మళ్ళీ చేయను.

డాక్టరమ్మ చెప్పింది రాసిన కాగితం కవరులో పెట్టి అంటించి ఇచ్చారు, ఇంట్లో ఉంది. ఇంగ్లీషు కూడబలుక్కొని చదవగలను, అయినా తెరవలేదు. ఆ బాధ పేరేమిటో మీ వదినను కూడా అడగలేదు. నువ్వు శుక్రవారం రాయచూరు వచ్చే బండి ఎక్కు. ఇంటికి వచ్చాక తలుపు వేసుకొని ఆమెనే అడుగు. మీ వదినను, పిల్లలను తీసుకొని నేను ఏటి ఒడ్డుకు పోతాను.

ఇట్లు,
నీ అన్న
నాగన్న