అక్కయ్యను లేపే మనిషి

చిరంజీవి చెల్లాయిని అన్నయ్య ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. ఈ ఒక్క ముక్క రాయడానికి మూడుసార్లు లేచి కూర్చున్నాను. నిన్నటి నుంచి వంటగదికీ వీధి తలుపుకీ మధ్య కాలుకాలిన పిల్లిలా తిరుగుతున్నాను. "ఆ ఉత్తరమేదో రాసి పడేయండి, నేల అరిగిపోతోంది" అని మీ వదిన గొడవ.

నువ్వడిగినవాటికి జవాబులు. అక్కయ్య తిండి బాగానే తింటోంది. ఎడమ కాలూ చెయ్యీ ఇంకా స్వాధీనంలోకి రాలేదు. నోటికి మాత్రం పక్షవాతం అంటలేదు, నా మీద మునుపటంత పదునుగానే ఉంది. భుజం ఎలా ఉందన్నావు. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

అక్కయ్యను చూసుకోవడానికి మనిషిని కుదిర్చావా లేదా అని నిలదీశావు. మొదటి ఏజెన్సీ నుంచి టై కట్టుకున్న ఒకాయన వచ్చి అరచేతిలో వైకుంఠం చూపించాడు. గంటసేపు మాట్లాడాడు కానీ అక్కయ్య గదిలోకి తొంగి కూడా చూడలేదు. రెండోవాళ్లు వారానికో మనిషిని మారుస్తారట. "నేనేమైనా బస్సునా, పూటకో డ్రైవరు ఎక్కడానికి?" అని అక్కయ్య మంచం మీద నుంచే వాళ్లను సాగనంపింది. మూడోది చిన్న ఏజెన్సీ. ఇదివరకు ఆస్పత్రిలో నర్సుగా చేసినావిడ నడుపుతోంది. ఇద్దరిని పంపుతాను, మీరే ఎంచుకోండి అంది.

ఎంచుకోవడమంటే నాకు తెలిసిన పద్ధతి ఒకటే కదా. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి, ప్రశ్నపత్రం తయారు చేశాను. ఇరవై మార్కులు, అరగంట టైము. నవ్వకు. మొదటామెకు పద్దెనిమిది వచ్చాయి, దస్తూరి ముత్యాలు పేర్చినట్టుంది. రెండో ఆమె పొడగరి, కాస్త మొరటు మనిషి. మొదటి ప్రశ్న చదివి, పెన్ను బల్ల మీద పెట్టి, "పెద్దమ్మగారు ఏ గదిలో ఉన్నారండీ?" అని లేచి వెళ్లిపోయింది. సున్నా వేశాను.

కాసేపటికి నేనూ లోపలికి వెళ్లాను. ఆమె అక్కయ్య భుజం దగ్గర కమిలిన చోటు చూస్తోంది. "చెయ్యి పట్టి లాగి లేపుతున్నారా ఈవిణ్ణి?" అంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, "అబ్బే, బాత్రూంలో జారిపడింది" అన్నాను. అక్కయ్య గోడవైపు చూస్తూ, "అవును, జారాను" అంది.

చెల్లాయ్, అది అబద్ధం. నీకు రాసిందీ అబద్ధమే. ఆ ఉదయం పక్క రెండోసారి తడిసింది. అప్పటికి దుప్పటి మార్చి అరగంట కూడా కాలేదు. లేవమంటే లేవలేకపోయింది. నాకు తిక్క రేగి, ఆ పడిపోయిన చెయ్యే పట్టుకుని గుంజాను. కీలు సాగింది, ఎముక విరగలేదు అన్నాడు డాక్టరు. ఆయనకూ జారిపడిందనే చెప్పాం. అమ్మ పోయాక నీకు జడలేసి, మిషను తొక్కి నన్ను చదివించిన మనిషిని మూట లాగినట్టు లాగాను. అప్పట్నుంచి నేను మంచం దగ్గరికి వస్తే చాలు, కుడిచేత్తో ఆ ఎడమచేతిని ఒళ్లోకి లాక్కుంటోంది. నేను సిగ్గుతో చచ్చిపోతున్నాను.

పద్దెనిమిది మార్కులామెనే పెట్టుకుందామని రెండు రోజులు వాదించాను. మార్కుల కోసం కాదు, ఆమె అక్కయ్య భుజం చూడలేదు కాబట్టి. అక్కయ్య ఒప్పుకోలేదు. "నాకు ఆ పొడుగు పిల్లే కావాలి. ముట్టుకునే ముందు 'లేపనా అమ్మా' అని అడిగిందిరా" అంది.

ఇవాళ పొద్దున ఏజెన్సీ ఫారం వచ్చింది. ఇంతకుముందు తగిలిన దెబ్బలు, వాటి కారణం రాయమని అందులో ఒక గడి ఉంది. ఉన్నది ఉన్నట్టు రాస్తే ఇలాంటి ఇంటికి మా మనిషిని పంపం అనొచ్చు. అప్పుడు మళ్లీ నా చేతులే దిక్కు అక్కయ్యకు. రాయకపోతే నా అబద్ధాన్ని అక్కయ్యే మోస్తూ ఉండాలి. గంట తిరిగి తిరిగి వచ్చి, "తమ్ముడు చెయ్యి పట్టి గుంజడం వల్ల" అని రాశాను.

ఫారం మీద అక్కయ్య సంతకం కూడా కావాలి. కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివింది. కొట్టేయమంటుందేమోనని ఆశపడ్డాను, నీ దగ్గర దాపరికమెందుకు.

"కోపంగా అని కూడా రాయి" అంది.

రాశాను. సంతకం పెట్టి కాగితం నా చేతికిచ్చింది. ఏజెన్సీవాళ్లు ఏమంటారో ఇంకా తెలీదు. నేను గుమ్మం దాటుతుంటే వెనక్కి పిలిచి, "నువ్వొస్తుంటే నాకు భయమేస్తోందిరా" అంది. అక్కయ్య నోట ఆ మాట నువ్వెప్పుడైనా విన్నావా? నేను వినలేదు.

ఇట్లు,
నీకు అబద్ధం రాసిన
అన్నయ్య