ఇంజను మీది మసి

హైమా, లైబ్రరీకి వెళ్తున్నాను. అన్నం హాట్‌బాక్స్‌లో ఉంది. నా గది కిటికీ తెరవకు. బొమ్మ రైలు పెట్టెల రంగు ఇంకా ఆరలేదు.

"బొమ్మ ఇంజనుకు గింత మసి పట్టిందేందన్నా, థిన్నర్ పెట్టి తళతళ మెరిసేటట్టు తుడిచిన" అని నిన్న సంబరంగా చెప్పావు. అది మురికి కాదు. కిట్టులోని ముక్కలతో ఇంజను జోడించడానికి నాకు వారం పట్టింది. ఆ మసిని సన్నని కుంచెతో అద్దడానికి మూడు నెలలు పట్టింది. బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో బాపు నడిపిన చెరకు రైలింజను అచ్చం అలాగే ఉండేది. డ్యూటీ దిగి వచ్చిన బాపు చేతుల మసి రోజూ కడిగినదానివి, నువ్వే గుర్తుపట్టలేదు.

– అన్న

మళ్ళీ అద్దే ఓపిక నాకు లేదు. కుంచె, నల్లరంగు బల్లమీద పెట్టాను. గుర్తుంటే నువ్వే అద్దు.