మరీ తిన్నని అంచులు

మా కందిరీగకి,

అమ్మమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం కులాసా అని రాయకపోతే ఉత్తరం ముందుకి కదలదు కనుక రాశాను. ఎంతవరకు కులాసానో కింద చెబుతాను. వరసలో చదువు. చిన్నప్పటి నుంచీ నీది చివరి పేజీ ముందు తిప్పే బుద్ధి.

నా మోకాళ్ల సంగతి అడిగావు. నడిస్తే నొప్పి తగ్గుతుందని డాక్టరు అంటాడు, నొప్పి తగ్గితే గాని నడవలేనని నేనంటాను. ఏది ముందో ఆయన చీటీలో రాయలేదు. తాతయ్య ఫోను ఎందుకు ఎత్తడం లేదని కూడా అడిగావు. దానికి జవాబు కాస్త ఆగి ఇస్తాను.

ఇక అసలు ప్రశ్న. మీ మ్యూజియంలో ప్రదర్శనకని నువ్వు మన బీరువాలోంచి పట్టుకెళ్లిన పాత కామిక్స్‌లో మూడింటి అంచులు ఎవరో తర్వాత కోశారని మీ పై అధికారిణి కనిపెట్టిందనీ, వాటికి పిన్నులు బాగుచేసిన బైండరు మీదే అందరికీ అనుమానమనీ రాశావు. నెలాఖరులోపు మీరంతా సంతకాలు పెట్టి అతన్ని పంపించేస్తారట. ఫ్యాక్టరీ కోతకీ, తర్వాతి కోతకీ తేడా ఎలా తెలుస్తుందని నన్నడిగావు. అడగవలసిన మనిషినే అడిగావు. అవి అచ్చయిన ప్రెస్సులో నేను ప్రూఫులు దిద్దాను, మీ తాతయ్య కటింగ్ మెషిన్ నడిపారు. ఆవిడ తప్పులు అచ్చులో కనబడతాయి, ఈయన తప్పులు చెత్తబుట్టలో కనబడతాయి అని మా పెళ్లిలో మేనేజరు జోకు వేశాడు. ఎవరూ నవ్వలేదు.

పుస్తకాన్ని మడిచి, పిన్నులు కొట్టి, కట్టలుగా పేర్చి, మూడు వైపులా మెషిన్ కత్తి కింద పెట్టేవారు. అందుకే అట్టా, లోపలి కాగితాలూ ఒకే గీతలో తెగుతాయి. కత్తికి గంటు పడి ఉంటే ఆ గీత అంచు మీద కనబడుతుంది, ఆ కట్టలోని ప్రతి కాపీకీ అదే చోట. మూడంచులూ కలిసే ముసలివవుతాయి. రెండు టీ రంగులో ఉండి మూడోది పాల రంగులో ఉంటే, ఆ మూడోది మొన్నమొన్నటి కోత. చేత్తో కోసేవాడి కత్తి ఒక్క దెబ్బకి దిగదు, పదేపదే గీయాలి. అందువల్ల కాగితాల మధ్య సన్నటి మెట్లు మిగులుతాయి. భూతద్దం పెట్టి చూడు.

ఒక్కచోట మాత్రం చదువుకున్నవాళ్లందరూ బోర్లా పడతారు. మూల వంకరగా ఉంటే ఎవరో కోశారనుకుంటారు. అవి పిల్లలు చదివి పారేసే పుస్తకాలే తల్లీ. కట్ట ఎత్తుగా ఉంటే కత్తి కింద కాగితం జరిగేది, మూల వంకర వచ్చేది, సూపర్‌వైజరు చూసీ చూడనట్టు పంపేసేవాడు. వంకరని అనుమానించకు. మరీ తిన్నగా ఉన్నదాన్ని అనుమానించు.

నువ్వు పంపిన ఫొటోల్లో ఆ మూడూ మరీ తిన్నగా ఉన్నాయి. ఒకదానిలో పేజీ నంబరు సగానికి తెగింది. మీ అధికారిణి కళ్లు మంచివే. కాని బైండరు మీద సంతకం పెట్టకు. పెట్టేసి ఉంటే వెనక్కి తీసుకో. ఆ పుస్తకాలు మీ దగ్గరికి రాకముందే తెగాయి, మనింట్లో, మన భోజనాల బల్ల మీద.

ఇంతసేపూ కత్తుల గురించి పాఠం చెప్పింది ఈ మాట రాయడానికి భయం వేసి.

నువ్వు వచ్చి వెళ్లాక తాతయ్య చొక్కా ఉతుకుతుంటే జేబులో కాగితపు పీలికలు దొరికాయి. గోరంత వెడల్పు, ఒక అంచు ముదురు గోధుమ రంగు, రెండోది తెలుపు. ఎలుకలేమో అనుకుందామని చూశాను. ఎలుకలు స్కేలు పెట్టుకుని కొరకవు కదా. మర్నాడు మధ్యాహ్నం వంటింట్లోంచి వస్తే, ఆయన బల్ల దగ్గర నిలబడి ఉన్నారు. ముందు బీరువాలో మిగిలిన ఒక కామిక్, దాని మీద స్టీలు స్కేలు, చేతిలో కత్తి.

"ఏం చేస్తున్నారండీ?" అన్నాను.

"ఇది వంకరగా వచ్చింది. ఇలాగే పంపితే మాట పడేది నేను."

"ఎవరికి పంపుతారు? ప్రెస్సు మూసేసి ఎన్నేళ్లయింది?"

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. "కొత్తగా చేరారా అమ్మా?" అన్నారు.

ఇన్నేళ్ల కాపురంలో ఆయన నాతో అంత మర్యాదగా మాట్లాడటం అదే మొదలు. ఏం చేస్తున్నానో తెలియకుండానే ఆ పుస్తకం మీద అరచెయ్యి పరిచేశాను.

ప్రెస్సులో ఒక పద్ధతి ఉండేది. కత్తి దించేముందు మెషిన్ మనిషి "చెయ్యి?" అని అరవాలి. అవతలి వైపు కట్ట సర్దేవాడు "లేదు" అనాలి. ఆ జవాబు వినబడందే కత్తి దిగకూడదు. ఆయన నా చేతివైపే చూస్తూ, "చెయ్యి?" అన్నారు. ఆయన కత్తి ఎత్తి పట్టుకుని ఆగారు. మళ్లీ అడిగారు. "ఉంది" అన్నాను. వెంటనే కత్తి కింద పెట్టేసి, "అయితే తియ్యండి, తొందరేం లేదు" అన్నారు. నేను వెళ్లి కొళాయి తిప్పుకుని చాలాసేపు కూర్చున్నాను.

ఫోను మోగితే మెషిన్ గంట అనుకుని లేచి నిలబడుతున్నారు. అందుకే ఎత్తడం లేదు. కత్తి కుట్టుమిషన్ డబ్బాలో దాచాను, వెతికి తీసుకున్నారు. దువ్వెన ఎక్కడ పెట్టారో తెలియని మనిషికి కత్తి మాత్రం దొరికింది. మందుల చీటీలు, కిటికీ తెర అంచు, అన్నీ సరిచేస్తున్నారు. కొయ్యబోయిన ప్రతిసారీ అడుగుతారు, నేను ఏ గదిలో ఉన్నా "ఉంది" అంటాను, ఆగిపోతారు. ఆ ఒక్క మాట మీద కాపురం నడుపుతున్నాను. మీ అమ్మకి చెప్పలేదు. చెబితే ఆయన్ని ఎక్కడైనా చేర్పిస్తుంది, అక్కడ ఆయన అడిగితే జవాబిచ్చే వాళ్లు ఉండరు అని నా భయం.

ఇప్పుడు దానికంటే పెద్ద భయం పట్టుకుంది. నిన్న కుర్చీలో పేపరు ఒళ్లో పెట్టుకుని కునుకు తీశాను. "చెయ్యి?" అని వినబడి కళ్లు తెరిచాను. ఆయన నా మీదకి వంగి ఉన్నారు, పేపరు మీద స్కేలు, స్కేలు పక్కన నా వేళ్లు. నేను నోరు తెరిచేలోపే "లేదు" అని ఆయనే అనేశారు.

చెయ్యి లాక్కున్నాను. ఏమీ కాలేదు, కంగారుపడకు. అంటే, కంగారుపడు. సెలవు దొరికినా దొరక్కపోయినా బయలుదేరు. మీ అమ్మకి దారిలో నువ్వే చెప్పు, ఎక్కడ చేర్పించాలన్నా ఈసారి అడ్డు చెప్పను. బైండరుకి నా తరఫున క్షమాపణ చెప్పు.

ఇది రాస్తుంటే ఆయన పక్క గదిలో ఉన్నారు. చప్పుడు లేదు. ఆయన అడగకపోయినా ఇక్కడి నుంచి ఉండుండి "ఉంది, ఉంది" అంటున్నాను.

ఇట్లు,
నీ రాక కోసం చూస్తున్న
అమ్మమ్మ