సరస్సు ఒడ్డున నా వాదన

అక్టోబర్, శనివారం

నిరుడు స్వీడన్ అడవుల్లో పది రోజులు నడిచాను. అక్కడ ఏ సరస్సు పక్కన గుడారం వేసుకున్నా ఎవరూ కాదనలేదు. ఆ పొగరుతోనే ఇవాళ మిషిగన్‌లో ఓ అడవి ట్రెయిల్ మీద "ప్రైవేట్" బోర్డు దాటించి, మా ఆఫీస్ వాణిని నీళ్ళ దాకా లాక్కెళ్ళాను.

"వద్దక్కా, వచ్చే నెల ఇండియాలో నా వీసా స్టాంపింగ్ ఉంది," అంది.

"సరస్సు ఎవడబ్బ సొత్తే? రా!" అన్నాను.

ఆ స్థలం యజమాని వచ్చి వెళ్ళిపొమ్మన్నాడు. వెళ్ళిపోతే అయిపోయేది. నేను నిలబడి, ఈ నేల ఏ ఆదివాసుల దగ్గర లాక్కున్నారో చెప్పమని అరగంట వాదించాను. అన్న ప్రతి ముక్కా నిజమే, ఇప్పుడూ అదే అంటాను. ఆయన పోలీసులను పిలిచాడు. పరాయి స్థలంలో చొరబడ్డామని ఇద్దరికీ టికెట్ రాశారు.

నేను సిటిజన్‌ని, ఫైన్ కట్టేస్తే సరి. వాణి మాత్రం వీసా ఆఫీసర్‌కి జవాబు చెప్పుకోవాలి. తేడా వస్తే ఇక్కడి ఉద్యోగానికి తిరిగి రాలేకపోతుంది.

ఫార్మింగ్టన్ హిల్స్‌లో వాణి ఇంటి ముందు కారాపాను. దిగేటప్పుడు, "నువ్వే గెలిచావులే అక్కా," అంది.

ఈ దేశపు కంచెల మీద వ్యాసం తలలో తయారైపోయింది. వాణికి సారీ మెసేజ్ మూడుసార్లు మొదలుపెట్టాను. మూడుసార్లూ అది ఆ స్థలం ఆయన తప్పుతోనే మొదలైంది...